నా బిడ్డ పెట్టిన చిక్కుడు తీగకు పొయ్యి బూడిద

ఇవాళ మానుకోటలో మా వాకిట్లో మూడు రాళ్లు పెట్టి కట్టెలు వెలిగించాను. గ్యాసు ఉండగా ఇదేం పని అన్నట్టు పక్కింటివాళ్లు చూశారు. ఆ పొగ వాసనకు, మా పుట్టింటి ఊరు నెల్లికుదురులో పొయ్యి ఊదే మా అమ్మ కళ్ల ముందుకొచ్చింది. మేం ఆమెను అవ్వ అనేవాళ్లం.

నా ఈడు ఆడవాళ్లూ, యాదికుందా మీకు? చిక్కుడుకు రసం పీల్చే నల్ల పేను పడితే మన అమ్మలు చల్లారిన పొయ్యి బూడిద జల్లించి, తెల్లారుతూనే ఆకుల కిందా పైనా చల్లేవాళ్లు. ఒకసారి నేను మధ్యాహ్నం చల్లితే అవ్వ కేకలేసింది.

"ఎండల చల్లితె గాలికి పోదానే పిచ్చిదానా! మంచు తడి మీద చల్లు, అంటుకుంటది."

మొన్న ఫోన్‌లో మొక్కల గ్రూపులో పేను పట్టిన మా చిక్కుడు తీగ ఫోటో పెట్టి, ఈ పేను ఎట్లా పోతుందని అడిగాను. ఒకాయన జవాబిచ్చాడు.

"పీకి పారెయ్ అక్కా, ఇంకోటి పెట్టుకో. చిక్కుడు ఇత్తులకు కరువొచ్చిందా ఏంది?"

దాని కింద అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు.

ఆ విత్తు పెట్టింది నా బిడ్డ. తీగ పందిరి ఎక్కకముందే జ్వరమొచ్చి దవాఖానలో కన్నుమూసింది. ఆమె చేత్తో పెట్టినవాటిలో ఇంకా పెరుగుతున్నది ఇదొక్కటే. దీన్ని పీకాలా నేను? జవాబు తెలియకపోతే తెలియదనండి. నవ్వే ముందు, ఎందుకమ్మా అడుగుతున్నావని ఒక్క మాట అడగండి.

బూడిద చల్లారింది. రేపు మంచు ఆరకముందే చల్లుతాను. పేను పోకపోతే మళ్లీ చల్లుతాను. ఆ తీగ ఎండిపోయినా సరే, నా చేతులతో మాత్రం పీకను.