అరుగు మీద డైరీ

రాజకుమారి చేత డైరీ మొదలుపెట్టించిన పాపం రేడియోదే. 2013 ఎండాకాలం అది. శృంగవరపుకోట దాటి కొండల వైపు వెళ్లే దారిలో ఉన్న ఆ ఊళ్లో పగలంతా కరెంటు ఉండేది కాదు. ఫోనులో రేడియో పెట్టుకుని, ఒళ్లో చింతపండు పోసుకుని పిక్కలు తీస్తుంటే, ఎవరో ఒకావిడ తియ్యటి గొంతుతో చెప్పుకొచ్చింది. రాయడానికి పెద్ద పెద్ద సంగతులు అక్కర్లేదమ్మా, మీ రోజువారీ బతుకే చాలు, చూసిందీ విన్నదీ మనసులో మెదిలిందీ నాలుగు ముక్కలు రాసుకోండి, మనసు తేలికపడుతుంది అని. ఆవిడకేం, చల్లటి గదిలో కూర్చుని ఎన్నయినా చెబుతుంది. కానీ ఆ చివరి మాట మాత్రం రాజకుమారిని పట్టుకుంది. తేలికపడాల్సిన బరువు ఆమె దగ్గర ఒకటుంది.

ఆ బరువేమిటో ముందే చెప్పేస్తాను. ఏడేళ్ల కిందట, ఇలాంటి ఎండాకాలంలోనే, బొబ్బిలి దగ్గర పుట్టింట్లో ఆమె నాన్న జగన్నాధానికి ప్రాణం మీదికొచ్చిందని పొద్దున్నే ఫోనొచ్చింది. అప్పుడే శృంగవరపుకోట సంత నుంచి చింతపండు లోడు దిగి పెరడంతా పరిచి ఉంది. ఆకాశం మబ్బేసింది. పండు తడిస్తే నల్లబడిపోతుంది, ఇక దాన్ని ఎవరూ ముట్టరు. అత్త తవిటమ్మ వెంటనే వెళ్లనివ్వలేదు. ఒక మాట అంది. రాజకుమారి నోరు మూసుకుని పండంతా లోపలికి చేర్చి, సాయంత్రం బస్సు పట్టుకుని వెళ్లేసరికి నాన్నని కాటికి తీసుకెళ్లిపోయారు కూడా. వాన రాలేదు. ఆ రోజు ఒక్క చినుకు కూడా పడలేదు. అత్త అన్న ఆ మాటని రాజకుమారి భర్తకీ చెప్పలేదు, తమ్ముడికీ చెప్పలేదు. ఎక్కడో ఒకచోట దాన్ని బయట పెట్టకపోతే గుండె పగిలేలా ఉంది. డైరీ అందుకు.

డైరీ అంటే ఎరువుల షాపువాడు కొత్త సంవత్సరానికి ఊరికే ఇచ్చింది. ప్రతి పేజీ అడుగునా పురుగు మందు కంపెనీవాళ్ల సలహా ఒకటుంటుంది. మొదటి రోజు రాజకుమారి ఇలా రాసింది: పొద్దున్నే లేచాను, గేదె పాలు తీశాను, టీ పెట్టాను, వంట చేశాను, చింతపండు. రెండో రోజూ అదే. మూడో రోజు 'నిన్నటిలాగే' అని ఒక్క ముక్క రాసి, పెన్ను మూసేసి, తనని తనే తిట్టుకుంది. ముప్పై ఆరేళ్ల బతుకు, ఇంటరు మొదటి సంవత్సరం చదువు, ఇంతా చేసి రాయడానికి ఒక పేజీ లేదా? అడుగున ఉన్న వరి కాండం తొలిచే పురుగు సంగతే తన బతుకు కంటే బాగుందనిపించి ఒళ్లు మండిపోయింది.

అయినా వదల్లేదు. నాన్న సంగతి ఒక్కసారిగా రాయడానికి చెయ్యి రావడం లేదు కాబట్టి, ముందు చుట్టూ ఉన్నది రాసి చెయ్యి తిప్పుకుందామనుకుంది. మధ్యాహ్నం వాళ్ల అరుగు మీద వీధి ఆడవాళ్లు నలుగురూ చేరి చింతపండు కొడతారు. పక్కింటి సుభద్రమ్మ పెంకు కొట్టేటప్పుడు ఒక్కో దెబ్బకి ఒక్కో చుట్టం పేరు తలుచుకుంటుంది, మరిది పేరొస్తే దెబ్బ గట్టిగా పడుతుంది. ఎదురింటి కూర్మమ్మ పిక్క తీసేటప్పుడు నాలుక కొస బయటపెడుతుంది, చంటిపిల్ల అక్షరాలు దిద్దేటప్పుడు పెట్టినట్టు. ఇవన్నీ రాస్తుంటే భలేగా అనిపించింది. ఓహో, ఇదన్న మాట ఆ రేడియో ఆవిడ చెప్పింది అనుకుంది. ఇంకో రెండు రోజులు ఇలా రాస్తే ఆ మాట కూడా దానంతటదే వస్తుందనుకుంది.

సరిగ్గా అప్పుడే తవిటమ్మ కంట పడింది.

"ఏటే రాస్తన్నావు?" అంది తవిటమ్మ.

"ఏటీ లేదత్తా. ఇయ్యాల జరిగింది రాసుకుంతన్నాను."

"అయితే సదువు."

"ఇది సదవడానికి కాదు. నాకోసం రాసుకునీది."

తవిటమ్మకి నిజంగానే అర్థం కాలేదు. "నీకోసం రాసుకోడవేటే? జరిగింది నీకు తెల్దా?" అంది.

దీనికి ఏం జవాబు చెబుతారు? తవిటమ్మ తప్పేం లేదనుకోండి. ఆ వీధిలో కాయితం అంటే అరుగు మీద పైకి చదివేది. రాజకుమారి కాపురానికొచ్చిన మర్నాటి నుంచీ వీధి వీధంతా తమ కాయితాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టడం మొదలుపెట్టింది. విశాఖపట్నంలో పనికెళ్లిన కొడుకు ఉత్తరమైనా, పెళ్లి శుభలేఖైనా, మందుల డబ్బా మీది చీటీ అయినా అందరూ చేరాక గట్టిగా చదవాల్సిందే. ఉత్తరం వచ్చినావిడ ఏడిస్తే పక్కావిడా ఏడుస్తుంది. ఎవరైనా కాయితం కొంగులో దాచారంటే రోగమో పోలీసు కేసో అయి ఉంటుంది. అలాంటి వీధిలో కూర్చుని నాకోసం రాసుకుంటున్నానంటే ఎవరు ఒప్పుకుంటారు?

ఒక్కసారి చదివేస్తే గొడవ వదులుతుందని సుభద్రమ్మ మరిది సంగతి చదివింది. అదే ఆమె చేసిన పొరపాటు. అరుగంతా పకపకా నవ్వింది. కూర్మమ్మ తన నాలుక సంగతి విని సిగ్గుపడి, మళ్లీ చదవమంది. ఇంకేముంది, మర్నాటి నుంచి పండు గంప దింపకముందే డైరీ కావాలి. నిన్న రాసింది చదువు, మొన్న రాసింది మళ్లీ చదువు, ఇయ్యాల్టిది ఇంకా రాయలేదేటి. చెవిలో జోరీగల్లా నలుగురూ పట్టుకున్నారు.

సరే, విని ఊరుకున్నారా? దిద్దడం మొదలుపెట్టారు. నాను మా మరిదిని ఎదవ అనలేదు, సన్నాసి అన్నాను, మార్చు అంటుంది సుభద్రమ్మ. మార్చేదాకా పిక్క ముట్టదు. సుభద్రమ్మ కోడలు చేసిన పులుసు బాగాలేదని రాస్తే, ఆ కోడలే వచ్చి, ఆ రోజు ఉప్పు ఎక్కువైంది గానీ పులుసు బాగానే ఉందని రాయించుకుని వెళ్లింది. మూడు రోజులు తన పేరు రాలేదని కూర్మమ్మ మొహం ముడుచుకుంది. ఆఖరికి వీళ్లు మామూలుగా మాట్లాడడమే మానేశారు. సుభద్రమ్మ ఇంట్లోనే కథ తయారుచేసుకుని, చీర మార్చుకుని మరీ వచ్చి, ఇది రాసుకో అని మొదలుపెట్టేది. చూసింది రాద్దామంటే చూడ్డానికి ఏం మిగలనిస్తేగా! భర్త రమేష్‌బాబు కూడా తక్కువ తినలేదు. అన్నం తింటూ, ఆ మోటారు బాగుచేసింది మెకానిక్కు కాదు, నేనే, అది కూడా ఓ ముక్క రాయి అన్నాడు.

రాజకుమారికి ఏడుపొక్కటే తక్కువ. ఇంట్లో తనకంటూ ఓ మంచం లేదు, ఓ పెట్టె లేదు. పోనీ తనకంటూ ఓ పేజీ అయినా ఉంటుందనుకుంటే అది కూడా వీధిపాలైంది. పెన్ను పట్టుకుంటే చాలు, నాన్న మొహం బదులు, ఇది రేపు చదవాలి అన్న మాటే ముందుకొస్తోంది. డైరీ పట్టుకుని గేదెల పాకలోకి వెళ్లి రాద్దామని చూసింది. అక్కడ దోమలు, పేడ వాసన. పైగా కోడలు ఒంటరిగా పాకలో కూర్చుంటోందని తవిటమ్మ హడలిపోయి, గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించింది. ఆ తాయెత్తు చేతికి కట్టుకుని, అరుగు మీద కూర్చుని, సుభద్రమ్మ కథ సుభద్రమ్మకే చదివి వినిపించాల్సి వచ్చింది. ఆ రేడియో ఆవిడ ఎదురుపడితే కడిగిపారేద్దామన్నంత కోపంగా ఉంది.

ఏప్రిల్లో ఒకరోజు లోడు దిగింది. పెరడంతా పండు పరిచారో లేదో, కొండ మీంచి మబ్బు దిగొచ్చింది. తవిటమ్మ కేకలు, రమేష్‌బాబు పరుగులు, టార్పాలిన్లు, గంపలు. వీధి ఆడవాళ్లంతా వచ్చి తలో చెయ్యీ వేశారు. రాజకుమారి కూడా గంప ఎత్తింది. అదే పెరడు, అదే మబ్బు, అదే పులుపు వాసన. ఈసారి మాత్రం వాన దంచి కొట్టింది. అందరూ ఎవరిళ్లకి వాళ్లు పరిగెత్తారు. ఆమె తడిచీరతోనే లోపలికెళ్లి, డైరీ తెరిచి, పురుగు మందు సలహా మీంచి కూడా గీతలు పోతున్నా చూసుకోకుండా రెండు వైపులా రాసేసింది. ఫోనొచ్చిన దగ్గర్నుంచీ, బస్సు గజపతినగరంలో ఆగిపోతే కండక్టర్ని తిట్టిన దగ్గర్నుంచీ, వాకిట్లో తమ్ముడు గుండు గీయించుకుని కూర్చున్నదాకా అంతా రాసింది.

మర్నాడు మధ్యాహ్నం అరుగు నిండింది. నిన్న వాన కదా, డైరీలో ఏం పడిందోనని అందరికీ ఆత్రం. రాజకుమారి ఆ పేజీ తెరిచింది. పేజీని చూస్తూనే, నోటికొచ్చినట్టు కల్పించి చెప్పేసింది. సుభద్రమ్మ గంపతో సహా జారిపడిందనీ, లేపడానికి వెళ్లిన కూర్మమ్మ కూడా ఆవిడ మీదే పడిందనీ, రమేష్‌బాబు టార్పాలిన్ కిందే చిక్కుకుపోయి గేదెలా బుసకొట్టాడనీ. కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వారందరూ. సుభద్రమ్మ అయితే, నాను పడలేదు, జారినానంతే అని అలవాటు ప్రకారం దిద్దింది.

నీళ్ల ట్యాంకరు వచ్చిందని ఆడవాళ్లందరూ లేచి వెళ్లారు. తవిటమ్మ కదల్లేదు. ఒళ్లోని పెంకులు దులుపుకుంటూ, "ఒలే, ఇయ్యాల నువ్వు సదివింది రాసింది కాదు," అంది.

రాజకుమారి డైరీ మూయబోయింది.

"సదివినప్పుడు నీ ఏలు గీతెంబడి నడస్తాది. ఇయ్యాల ఒక్క కాడే ఉన్నాది. రాసింది సదువు."

రాజకుమారికి చిర్రెత్తుకొచ్చింది. వినాలనుందా, అయితే విను అనుకుంది. ఏడేళ్లు మింగింది చాలు. వేలు మొదటి గీత మీద పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఫోను సంగతి చదివింది. మబ్బు సంగతి చదివింది. "మబ్బేసింది, పండు లోపలెట్టీసి ఎల్లు అని మా అత్త అంది" అన్న దగ్గరికొచ్చేసరికి తవిటమ్మ చెయ్యెత్తింది.

"అలగ అన్లేదు నాను."

రాజకుమారికి ఒళ్లు తెలియలేదు. సుభద్రమ్మ దిద్దింది, ఊళ్లో వాళ్లంతా దిద్దారు, ఇప్పుడు నాన్న చావుని కూడా దిద్దడానికి తయారైందా ఈవిడ?

"ఇది కూడా దిద్దుతావేటి అత్తా? ఇదైనా నాకు వదిలీలేవా?"

తవిటమ్మ కోడలి వైపు చూడలేదు. పెరటివైపు చూస్తూ, మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"'మీ అయ్య ఇయ్యాలే సచ్చిపోతాడేటి' అన్నాను. అది రాయి."

సరిగ్గా అదే మాట. ఏడేళ్లుగా ఆ మాట తన ఒక్కదాని చెవిలోనే ఉందనుకుంది రాజకుమారి. ఆ మాటన్న మనిషి అనేసి మర్చిపోయిందనీ, తాను మాత్రమే మోస్తున్నాననీ అనుకుని కుళ్లి కుళ్లి చచ్చింది. నిన్న అంత ఆవేశంలో కూడా, ఎవరూ చూడకుండా రాసినా కూడా, ఆ మాట దగ్గర చెయ్యి ఆగిపోయి, అత్తకి కాస్త మర్యాదైన మాట పెట్టేసింది. తనకోసం రాసుకున్న పేజీలో తనే అబద్ధం రాసింది. అది తలుచుకుంటే అత్త మీద కంటే తన మీద ఎక్కువ మండుకొచ్చింది.

పెన్ను తీసి ఆ ముక్క కొట్టేసింది. పైన ఆ మాట రాసింది. అక్షరాలు వంకరపోయాయి.

"రాసినావా?"

"రాశాను."

"సదువు."

చదివింది. తవిటమ్మ విని, ఆఁ, అదే, అంది. అంతే. ఇంకో మాట వస్తుందేమోనని రాజకుమారి చాలాసేపు చూసింది. తప్పయింది అన్న మాట గానీ, పోనీలే అన్న మాట గానీ, ఏదో ఒకటి. రాలేదు. తవిటమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి గేదెలకి నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయింది. ఇదేం మనిషి అని ఆ రాత్రంతా రాజకుమారి పళ్లు కొరుకుతూనే ఉంది.

మర్నాడు మామూలుగానే అందరూ చేరారు. సుభద్రమ్మ కొత్త చీరలో వచ్చి, ఏదీ డైరీ అంది. రాజకుమారి లేవబోతుంటే తవిటమ్మ కూర్చోమని సైగ చేసింది.

"ఇకన సదవదు. అది దానికోసం రాసుకుంతాది."

సుభద్రమ్మ మొహం చిన్నబోయింది. "దానికోసం రాసుకోడవేటి? జరిగింది దానికి తెల్దా?"

"తెలుసు," అంది తవిటమ్మ. "నాకూ తెలుసు. నువ్వు పండు కొట్టు."

అని గంపలోంచి దోసెడు పండు తీసి సుభద్రమ్మ ముందు పోసి, ఇంకో దోసెడు కోడలి ఒళ్లో పోసింది.