ఎగువన ఉన్న గుర్తులు

నా దగ్గర రెండు వందల పేజీల రూళ్ళ పుస్తకం ఒకటి ఉంది. అట్ట మీద పేరు లేదు. లోపల నూట పధ్నాలుగు పేజీలు నిండాయి. ప్రతి పేజీ మీద తేదీ, వారం, మొదలుపెట్టిన టైము, ముగించిన టైము రాసి ఉంటాయి. వాటి కింద ఒక చతురస్రం, దాన్ని నాలుగు గడులు చేసే రెండు గీతలు, గడుల్లో టిక్కులు, సున్నాలు. మా ఆయన టీవీలో వీడియో గేమ్ ఆడిన లెక్క అది. ఆయన చూపు పోయిన లెక్క కూడా అదే. ఆ సంగతి పది నెలలపాటు నాకు తెలియలేదు. రాసింది నేనే.

ఎందుకు రాశానో చెప్పాలంటే మా ఉద్యోగాల గురించి చెప్పాలి. ఆయన డెల్టా కాలువల మీద పనిచేశారు. నేను బెజవాడ ఆఫీసులో నీటిమట్టాల రిజిస్టరు రాసేదాన్ని. పొద్దున్నే లాకుల దగ్గర గేజి రాయి మీద నీళ్ళు ఎన్ని అడుగులకి ఉన్నాయో చూసి, ఆ అంకె ఫోన్లో చెప్పాలి కాలువల మీద వాళ్ళు. నేను రాసుకోవాలి. పెళ్ళికి ముందు రెండేళ్ళు ఆయన నాకు పామర్రు వైపు నుంచి అంకెలు చెప్పే గొంతు మాత్రమే.

వానలప్పుడు గట్టు బురదగా ఉంటే కొందరు రాయి దాకా దిగేవాళ్ళు కాదు. నిన్నటి అంకెకి కాస్త కలిపో తీసేసో చెప్పేవాళ్ళు. నాకు తెలిసిపోయేది. నిజం నీళ్ళు ఒకరోజు ఎక్కువ తగ్గుతాయి, ఒకరోజు అసలు తగ్గవు. అబద్ధం నీళ్ళు రోజూ ఒకే వరసలో తగ్గుతాయి. అందుకని ప్రతివాళ్ళనీ అడిగేదాన్ని, "చూసి చెబుతున్నారా, అంచనానా?" అని. అంచనా అయితే అంకె పక్కన పెన్సిలుతో 'అం' అని రాసేదాన్ని. వెనకాల నన్ను 'అం గారు' అనేవాళ్ళట. పెళ్ళయ్యాక ఆయనే చెప్పారు. అందరికంటే ఎక్కువ 'అం'లు ఆయనవే.

రిటైరయ్యాక కూడా ఆయన స్కూటరు మీద కాలువ గట్లు పట్టుకుని తిరిగేవారు. రెండేళ్ళ కిందట మంగళగిరి నుంచి వస్తూ, రోడ్డు పక్కన ఆగి ఉన్న అరటిగెలల బండికి తగిలించారు. మోచెయ్యి గీరుకుంది, అంతే.

"అంత బండి కనపడలేదా మీకు?" అన్నాను.

"కనపడింది. చూసుకోలేదు."

వయసు డెబ్భై నాలుగు, అజాగ్రత్త పెరిగింది అని నేను తీర్మానించాను. తాళాలు తీసి బీరువాలో పెట్టాను. మైలవరం నుంచి ఒకాయన వచ్చి స్కూటరు కొనుక్కెళ్ళాడు. ఆ తర్వాత మా ఆయన నలభై ఒక్క రోజులు బాల్కనీలో కూర్చుని బందరు కాలువ వైపు చూశారు. నలభై రెండో రోజు గోడ గడియారానికి సెల్లు కొనుక్కొస్తానని బీసెంట్ రోడ్డుకి వెళ్ళి, ఆటోలో ఇంత పెట్టెతో దిగారు. కొట్లో పెద్ద టీవీలో ఆ గేమ్ ఆడి చూపిస్తున్నారట. నల్లటి ఆకాశంలో ఓడ ఒకటి చప్పుడు లేకుండా పోతోందట. గంటన్నర నిలబడి చూశారట. సెల్లు మర్చిపోయారు.

ఆ ఆటలో యుద్ధాలు కూడా ఉన్నాయని తర్వాత తెలిసింది. ఆయన వాటి జోలికి పోలేదు. ఆయనకి కావలసింది ఎవరూ వెళ్ళని చోటికి వెళ్ళడం. ఎటు వెళ్ళాలో చెప్పేది స్కానర్. బటన్ నొక్కితే, నీళ్ళల్లో రాయి వేసినట్టు, ఓడ చుట్టూ వెలుగు వలయం ఒకటి విచ్చుకుంటుంది. ఎక్కడెక్కడ ఏదైనా ఉందో అక్కడల్లా మసకగా ఒక గుర్తు పడుతుంది. అది గ్రహమా, పాడుబడ్డ ఓడా, ఉత్త రాయా అన్నది తెలియదు. పన్నెండు సెకన్లలో ఆ గుర్తు మాయమవుతుంది. ఈలోగా ఓడ ముక్కు దాని వైపు తిప్పాలి. దగ్గరయ్యేకొద్దీ టిక్కు టిక్కుమనే చప్పుడు జోరందుకుంటుంది. సరిగ్గా ఎదురుగా వస్తే చప్పుడు ఒకటే కూతగా నిలుస్తుంది, పేరూ దూరమూ కనపడతాయి. అప్పుడు ఇంకో బటన్ నొక్కితే ఓడ అక్కడికి దూకుతుంది.

ఆయన దాన్ని ఓడ అనలేదు. లాంచీ అనేవారు. పైన, కింద అని కూడా అనలేదు. ఎగువ, దిగువ అనేవారు. కాలువల వాళ్ళకి అదే అలవాటు. "ఆకాశంలో ఎగువేమిటండీ, నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయి?" అని అడిగితే, "వస్తే నీకు ఫోన్ చేసి చెబుతాలే" అన్నారు. నలభై ఒక్క రోజుల తర్వాత ఆయన నాతో ఆడిన మొదటి హాస్యం అది.

మంగళవారం, శుక్రవారం, భోజనాలయ్యాక ఆడేవారు. రెండోవారం ఆట అయ్యాక, "ఈవేళ పదకొండు పట్టాను" అన్నారు. నేను పక్కన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ లెక్కపెట్టాను. తొమ్మిది. మర్నాడు పుస్తకం కొన్నాను. టీవీ తెరని నాలుగు గడులుగా అనుకున్నాను. గుర్తు పడిన గడిలో, ఆయన పట్టుకుంటే టిక్కు, వదిలేస్తే సున్నా.

"మళ్ళీ రిజిస్టరా?" అన్నారు.

"మీరు చెప్పే అంకెలు నాకు కొత్తా?"

"ఇక్కడ బురద లేదు కదా, అం గారూ. నమ్మొచ్చు."

మొదటి పందొమ్మిది పేజీల్లో సున్నాలు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఇరవయ్యో పేజీ నుంచి కుడివైపు ఎగువ గడిలోకి చేరడం మొదలుపెట్టాయి. ముప్ఫయ్యో పేజీకి ఆ గడి నిండా సున్నాలే. అరవయ్యో పేజీకి ఎడమ ఎగువ గడిలో కూడా వచ్చాయి. మొదట్లో నలభై నిమిషాల్లో అయ్యే ఆట గంటంబావు పట్టేది. టిక్కులు మాత్రం దాదాపు అన్నే ఉండేవి, అందువల్ల నేను తృప్తిపడ్డాను. ఇంకొకటి కూడా ఉంది. టిక్కులు పడే వరస. ప్రతిసారీ ముందు ఎడమ దిగువ, తర్వాత కుడి దిగువ, తర్వాత ఎడమ ఎగువ. కుడి ఎగువకి వచ్చేసరికి పన్నెండు సెకన్లు అయిపోయేవి. మంగళవారమైనా శుక్రవారమైనా అదే వరస. అబద్ధం నీళ్ళు రోజూ ఒకే వరసలో తగ్గుతాయని ముప్ఫై నాలుగేళ్ళు అందరికీ చెప్పినదాన్ని నేను.

అప్పుడు నేను అన్న మాటలు కూడా గుర్తున్నాయి. రాసిపెట్టలేదు గాని గుర్తున్నాయి.

"ఎగువకి కళ్ళెత్తి చూస్తే మెడ నెప్పా మీకు?"

"ఉన్నవి చాలవా? దిగువనే బోలెడున్నాయి."

"గట్టు మీద నుంచే గేజి చదివే బుద్ధి పోలేదు."

ఆయన నవ్వేవారు. నవ్వి, కంట్రోలరు పట్టుకున్న చేతిని ఒకసారి లుంగీకి తుడుచుకునేవారు.

నూట ఆరో పేజీ, శుక్రవారం. మధ్యాహ్నం మూడున్నరకి మా పెద్దమ్మ కూతురు పామర్రు నుంచి ఫోన్ చేసింది. దానికి చెవుడు, గట్టిగా మాట్లాడాలి. టీవీ రిమోట్ తీసుకుని సౌండు పూర్తిగా ఆపేశాను. "ఒక్క అయిదు నిమిషాలండీ" అన్నాను. ఆయన తలూపారు. ఫోన్లో మాట్లాడుతూనే తెర వైపు చూస్తున్నాను. స్కానర్ వలయం విచ్చుకుంది. గుర్తు పడింది. ఎగువన కాదు, ఎడమ దిగువన, ఆయన ఎప్పుడూ ముందు పట్టుకునే చోట. లాంచీ దాని మీదుగా వెళ్ళిపోయింది. మళ్ళీ బటన్ నొక్కారు. మళ్ళీ గుర్తు పడింది, మళ్ళీ దాటేశారు. ఓడ తనచుట్టూ తాను తిరుగుతోంది, తాడు తెగిన పడవ లాకు ముందు తిరిగినట్టు. నాలుగుసార్లు లెక్కపెట్టాను. "తర్వాత చేస్తానే" అని ఫోన్ పెట్టేశాను.

"ఈ చుట్టుపక్కల ఏమీ లేదు. ఖాళీ" అన్నారాయన, తెర వైపే మొహం పెట్టి.

ఆయన ఆ మాట అంటున్నప్పుడు గుర్తు తెర మీద ఉంది. నిమ్మపండంత ఉంది.

"చూసి చెబుతున్నారా?" అన్నాను.

ఫోన్లో అయితే అవతల చప్పుడుని బట్టి తెలిసేది, గట్టు మీద ఉన్నారో, ఇంట్లో మంచం మీద ఉన్నారో. ఇక్కడ ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. కంట్రోలరు బల్ల మీద పెట్టబోయి, బల్ల అంచుకి తగిలించారు. కింద పడింది. దాని కోసం వంగి చేత్తో తడిమారు. అది ఆయన కాలి పక్కనే ఉంది.

"అంచనా" అన్నారు, వంగే ఉండి.

ఆ జబ్బుని నీటికాసులు అంటారు. నొప్పి ఉండదు. కంట్లో నీటి ఒత్తిడి పెరిగి, అంచుల నుంచి లోపలికి చూపుని తినుకుంటూ వస్తుంది. కళ్ళాసుపత్రిలో ఒక తెల్లటి గిన్నె లాంటి యంత్రంలో మొహం పెట్టించి, చిన్న చిన్న వెలుతురు చుక్కలు వేస్తారు. చుక్క కనపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. చప్పుడు ఉండదు. ఆయన బటన్ పట్టుకుని కూర్చున్నారు. చాలాసేపు నొక్కలేదు. నేను గది మూల కుర్చీలో ఉన్నాను. ఆ యంత్రం నుంచి కాగితం బయటికి వచ్చాక చూశాను. ఒక్కొక్క కంటికి ఒక చతురస్రం, మధ్యలో రెండు గీతలు, నాలుగు గడులు. ఎగువ గడులు రెండూ నల్లగా ఉన్నాయి. దిగువన కూడా నలుపు పాకింది. మధ్యలో ఒక తెల్ల మచ్చ మిగిలింది.

"ఎప్పటినుంచమ్మా ఇలా?" అని డాక్టరమ్మ అడిగింది.

"పది నెలలు" అన్నాను.

"అంత కచ్చితంగా ఎలా తెలుసు?"

పుస్తకం నా సంచిలో ఉంది. తీయలేదు. పోయిన చూపు తిరిగి రాదనీ, పది నెలల కిందట వచ్చి ఉంటే చుక్కల మందుతో అప్పటికి ఉన్నదాన్ని నిలబెట్టేవాళ్ళమనీ ఆవిడ చెప్పింది. కోప్పడలేదు. ఇలా ఆలస్యంగా వచ్చేవాళ్ళే ఎక్కువ అంది. ఆ ఎక్కువమంది దగ్గర తేదీలతో సహా రాసిన పుస్తకం ఉండదు.

ఆటోలో బ్యారేజీ దగ్గర ట్రాఫిక్ ఆగినప్పుడు అడిగాను, "మీకు తెలుసు కదా. ఎందుకు చెప్పలేదు?"

"చెబితే?"

"చెబితే ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళం."

"బండికి తగిలించానని స్కూటరు తీసేశావు. ఇది కనపడట్లేదని చెబితే ఇది కూడా తీసేస్తావు. చప్పుడుని బట్టి నెట్టుకొస్తున్నాను కదా అనుకున్నాను." బ్యారేజీ నీళ్ళ వైపు మొహం తిప్పి అన్నారు, "నువ్వు పక్కనే కూర్చుని రాస్తున్నావు. నీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. తెలిసే ఊరుకున్నావేమో అని కూడా అనుకున్నాను."

అనడానికి ఉన్న మాటలన్నీ ఆ పది నెలల్లో అనేశాను.

ఆ తర్వాత ఏడు నెలల్లో ఎనిమిది పేజీలే నిండాయి. పూటకి రెండు చుక్కలు మందు వేస్తున్నాను, ఒక్క పూట తప్పలేదు. అయినా మధ్యలో ఉన్న తెల్ల మచ్చ తగ్గుతూనే ఉంది. ముందు నేను రీడింగు చెప్పేదాన్ని, ఆయన తిప్పేవారు. "ఎగువకి. ఇంకా. కుడికి రెండు వేళ్ళు." ముప్ఫై నాలుగేళ్ళు ఆయన చెబితే నేను రాసుకున్నాను, ఇప్పుడు నేను చెబితే ఆయన తిప్పుతున్నారు. ఆయనకి అది నచ్చలేదు. నూట పదమూడో పేజీలో టిక్కులు మూడు.

నూట పధ్నాలుగో పేజీ రాసిన రోజు కంట్రోలరు నా ఒళ్ళో పెట్టారు.

"నువ్వే తిప్పు. నేను వింటాను."

నా వేళ్ళు వంగవు. అయినా నొక్కాను. ఒక్కటే గుర్తు పడింది, కుడి ఎగువన. మూడుసార్లు మాయమయ్యాక నాలుగోసారికి చప్పుడు ఒకటే కూతగా నిలిచింది. ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. లాంచీ దూకింది. వెళ్ళి ఆగింది. కింద ఒక గ్రహం. బూడిద రంగు రాయి, పగుళ్ళు. మరేమీ లేదు.

"ఏముంది?" అన్నారు.

"నీళ్ళున్నాయి."

"ఎంత మట్టం?"

"గట్టుకి రెండడుగులు తక్కువ."

"నిలవ నీళ్ళా? పారుతున్నాయా?"

"పారుతున్నాయండీ. తూర్పుకి."

ఆ ఆటలో తూర్పు లేదు. అది నాకంటే ఆయనకి బాగా తెలుసు. తెర వైపు కాకుండా నా వైపు మొహం తిప్పారు, కాస్త పక్కకి, నా చెవి ఉన్న చోటికి.

"చూసి చెబుతున్నావా?"

"చూసే."

"సరే, రాసుకో" అని వెనక్కి వాలారు.

కుడి ఎగువ గడిలో టిక్కు పెట్టాను. పక్కన పెన్సిలుతో 'అం' అని రాశాను. మంగళవారానికి అని తర్వాతి పేజీలో తేదీ వేసి, చతురస్రం గీసి, నాలుగు గడులు చేసి పెట్టాను. ఆ మంగళవారం ఆయన టీవీ పెట్టమనలేదు. ఆ తర్వాత తొమ్మిది మంగళవారాలు, తొమ్మిది శుక్రవారాలు వెళ్ళాయి. భోజనం కాగానే బాల్కనీలో కాలువ వైపు మొహం పెట్టి కూర్చుంటున్నారు. రోజులు లెక్కపెట్టడం నేను మానలేదు.