నంబర్ టూ క్యాన్ అంటే ఎంత?

1983లో నేను అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం అరోరాలో ఒక నర్సింగ్ హోమ్‌లో డైటీషియన్‌ని. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే ఆసుపత్రి కాదు, తమ పని తాము చేసుకోలేని వృద్ధులు ఉండే చోటు. ఎవరు ఏం తినాలో, ఎంత తినాలో రాసివ్వడం నా పని. వంటవాళ్ళు వేరు. వాళ్ళు రెసిపీ కార్డులో ఉన్నది ఉన్నట్టు చేయాలి, చెంచాడు అటూ ఇటూ కాకూడదు. ఆ నియమం కిచెన్ మేనేజర్ డాన్ పెట్టింది. ఆ కార్డులు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వంటింట్లో కొత్తగా చేరిన ఎస్తేరమ్మ గారిది బాపట్ల. అక్కడ పద్దెనిమిదేళ్ళు హైస్కూల్లో సైన్స్ చెప్పారు. ఇక్కడ ఆ చదువును ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడంతో యాభై ఏళ్ళ వయసులో ఏప్రన్ కట్టుకున్నారు. ఈ ఉద్యోగంతో వచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ మీదే ఆవిడ భర్త గుండెజబ్బుకి వైద్యం జరుగుతోంది.

ఒక మంగళవారం మధ్యాహ్నం, వాల్టర్ అనే పెద్దాయనకి పీచ్ పళ్ళ గుజ్జు తినిపిస్తుంటే పొలమారింది. ముఖం నీలంగా అయ్యేదాకా దగ్గాడు. నర్సు పక్కనే ఉండబట్టి గండం గడిచింది. పక్షవాతం వచ్చి మింగడం కష్టమైనవాళ్ళకి పల్చటివి పెడితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకే వాళ్ళకి ప్యూరీ డైట్ రాస్తాం. అంటే గుజ్జులో కార్న్‌స్టార్చ్ అనే మొక్కజొన్న పిండి కలిపి, చెంచా నిలబడేంత చిక్కగా ఉడికించాలి. నేను వెళ్ళి చూస్తే ఆ గిన్నెలో ఉన్నది గరిటజారుగా కూడా లేదు, నీళ్ళ చారులా ఉంది.

మర్నాడు పొద్దున్నే డాన్ నన్ను పిలిచి, ఆ గుజ్జు వండిన ఎస్తేరమ్మ గారి పేర రాసిన వార్నింగ్ లెటర్ చూపించాడు. "ఆవిడకి ఇంగ్లీష్ రెసిపీ చదవడం రాదు. సరైన సంజాయిషీ ఇవ్వకపోతే శుక్రవారమే ఉద్యోగానికి ఆఖరి రోజు" అన్నాడు.

"ఆవిడ ఇంగ్లీష్ మీడియంలో పాఠాలు చెప్పిన టీచర్" అన్నాను.

"అయితే అజాగ్రత్త అన్నమాట" అన్నాడు. ఒక నింద పోతే ఇంకొకటి సిద్ధంగా ఉంది.

కోపంతో కింద వంటింట్లోకి దిగి ఆ గుజ్జు కార్డు తీశాను. ఎప్పుడో టైప్ చేసి పసుపుపచ్చగా అయిపోయిన కార్డు. "పీచ్ పళ్ళు, నంబర్ టూ క్యాన్లు రెండు" అని ఉంది. షెల్ఫ్ మీద డబ్బాలు చూస్తే ఒక్కదాని మీదా నంబర్ లేదు, ఔన్సులే ఉన్నాయి. ఎస్తేరమ్మ గారు వాటిలోంచి రెండు డబ్బాలు తీసి, కార్డులో రాసినంత స్టార్చ్ వేశారు.

"పల్చగా ఉందనిపించలేదా?" అని అడిగాను.

"అనిపించిందమ్మా. ఇంకాస్త పిండి వేద్దామంటే కార్డు దాటొద్దని ఆర్డర్ కదా. పోయినవారం సూప్‌లో రెండు మిరియాలు ఎక్కువ వేసినందుకే కేకలేశాడు."

డాన్‌ని వంటింట్లోకి రమ్మన్నాను. "నంబర్ టూ క్యాన్ అంటే ఎంత పడుతుంది?" అని అడిగాను.

"మామూలు డబ్బా. అందరికీ తెలిసిందే" అన్నాడు.

అక్కడున్న ఇద్దరు వంటవాళ్ళూ పుట్టి పెరిగింది ఈ దేశంలోనే. వాళ్ళనీ అడిగాను. ఒకావిడ చిన్న సూప్ డబ్బా చూపించింది, రెండో ఆయన బకెట్టంత డబ్బా చూపించాడు. అందరికీ తెలిసిన సంగతి అలా ఉంది! అంతకు ముందు సంవత్సరం రిటైరైన వంటావిడ డొరొతీకి అక్కడినుంచే ఫోన్ చేశాను.

"నంబర్ టూ అంటే రెండున్నర కప్పులు, హనీ. మా కాలంలో డబ్బాలకి బరువులు కాదు, నంబర్లే. మనకి అవి రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడొచ్చేవి నంబర్ టూ అండ్ ఎ హాఫ్ సైజువి, ఒక్కోదాంట్లో మూడున్నర కప్పులు పడతాయి. నేను చూసి పిండి ఎక్కువ వేసేదాన్ని" అంది.

ఇంకో రెండు డబ్బాలు తెరిచి డాన్ ముందే కప్పులతో కొలిచాను. ఏడు కప్పులు. కార్డులో స్టార్చ్ అయిదు కప్పులకి సరిపడా మాత్రమే ఉంది. డాన్ లెటర్ చింపి చెత్తబుట్టలో వేసి, "ఓకే, ప్రాబ్లమ్ సాల్వ్డ్" అని వెళ్ళిపోయాడు. ఎస్తేరమ్మ గారి ముఖం వంక కూడా చూడలేదు. సారీ అన్న మాట ఆయన నోట రాలేదు.

ఆ విసురులో ఎస్తేరమ్మ గారి మీదే విసుక్కున్నాను. "నంబర్ సంగతి తెలియనప్పుడు ఎవరినైనా అడగాల్సింది కదండీ!"

ఆవిడ గిన్నె కడుగుతూనే నెమ్మదిగా అన్నారు. "మిమ్మల్నే అడిగానమ్మా, చేరిన వారంలో. మీరు ఫోన్‌లో ఉన్నారు. షెల్ఫ్‌లో ఉన్నదే వాడండి అన్నారు."

చేతిలోని కార్డు తిప్పి చూశాను. ఏటా జనవరిలో డైటీషియన్ సరిచూసినట్టు వెనకాల వరసగా పొట్టి సంతకాలు, చివరి నాలుగూ నావి. ఒక్కసారైనా కిందికి వచ్చి ఆ డబ్బా ఎంతదో చూసింది లేదు.

"మరి డాన్‌కి ఆ మాట చెప్పలేదేం?"

"నా ఉద్యోగం కోసం మీ పేరు ఎట్లా చెప్పేదమ్మా? శుక్రవారం దాకా టైముంది కదా, మీరే కనుక్కుంటారనుకున్నాను."

ఆ సాయంత్రమే డాన్ గదికి వెళ్ళి తప్పు నాదని చెప్పాను. ఆయన నవ్వి, "నీకు ఎన్ని పనులని! ఇట్ హ్యాపెన్స్" అన్నాడు. నెల తిరిగేలోపు కార్డులన్నీ కప్పుల లెక్కలోకి మార్చి, ఒక్కోదాన్ని ఎస్తేరమ్మ గారితో కొలిపించాకే సంతకం పెట్టాను. వాల్టర్ మళ్ళీ పీచ్ పళ్ళ గుజ్జు తిన్నాడు. కొలిచి చూడకుండా సంతకం పెట్టకూడదని, వంట చేసేవాళ్ళు ఏదైనా అడిగితే ఫోన్ పెట్టేసి వినాలని ఆ ఏడాది నేర్చుకున్నాను. అయినా కోపం మాత్రం చల్లారలేదు. చేయని తప్పుకి ఎస్తేరమ్మ గారి పేర ఒక్క రోజులో వార్నింగ్ లెటర్ తయారైంది. తప్పు చేశానని నా అంతట నేను ఒప్పుకున్నా, నాకు మాత్రం ఎవరూ లెటర్ రాయలేదు.