తెర దిగాక కనబడిన ముఖం

మా మరిది మంగళవారం తెల్లవారుజామున పోయాడు. రాయపూర్‌లోని మోవా పేటలో, తన ఇంట్లోనే, నిద్రలోనే. కబురు విన్నప్పటి నుంచి నాకు అతని గొంతు కన్నా, కెమెరా మీట సగం నొక్కినప్పుడు వచ్చే చిన్న కూత ఎక్కువగా వినబడుతోంది.

రైల్వే ఉద్యోగం చేస్తూనే రాయపూర్‌లో మన తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకు ఇష్టంగా ఫొటోలు తీసేవాడు. భోజనాలకు చివరి పంక్తిలో కూర్చునేవాడు. ఎవరైనా బిగుసుకుని నిలబడితే, “రేషన్ కార్డుకి కాదండీ, కాస్త ఆరామ్‌గా ఉండండి,” అనేవాడు. ఆ పరాచికాలు నాకు నచ్చేవి కావు. పని మాత్రం నచ్చేది. మసకగా వచ్చిన ఫొటోను ఎంత దగ్గరివాళ్ళు అడిగినా ఇచ్చేవాడు కాదు.

వాళ్ళమ్మాయి పెళ్ళి కుదిరేనాటికి నా తోడికోడలు, అంటే అతని భార్య, నడుము దెబ్బతిని మంచం దిగలేని స్థితిలో ఉంది. మండపానికి తీసుకెళ్ళడం కుదరదని డాక్టరు చెప్పేశాడు. ఫోన్‌లో పెళ్ళి చూపించే రోజులు కావవి. ఫొటోగ్రాఫరును పెట్టినా ఆల్బమ్ ఎప్పటికో గాని రాదు. జీలకర్ర బెల్లం వేళ తెర దిగగానే కూతురి ముఖం ఎలా ఉందో ఆ పూటే భార్యకు చూపించాలని అతని ఆశ. తాను కన్యాదాత, పీటల మీంచి లేవలేడు. కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“ఈ వయసులో నాకెందుకయ్యా ఇది?” అన్నాను.

“మీరైతే చెప్పింది చెప్పినట్టు చేస్తారు వదినా. మిగతావాళ్ళు సొంత దిమాగ్ కలుపుతారు.”

ఆమె మంచం పక్కనే పాఠం. తాడుకు తువ్వాలు కట్టి, దాని వెనక అమ్మాయిని కూర్చోబెట్టాడు. నేను తీశాను. తువ్వాలు పోగుపోగూ తేటగా వచ్చింది. దాని మీంచి కనబడుతున్న పిల్ల ముఖం పొగలా ఉంది.

“తువ్వాలుకి పెళ్ళి చేస్తున్నావా అక్కా?” అంది తోడికోడలు.

“వదిన తప్పు కాదే. ఫోకస్‌ని ఆటోలో వదిలేస్తే కెమెరా దగ్గరున్నదాన్నే పట్టుకుంటుంది. మన చుట్టరికాలు దానికేం తెలుసు? ఎవరు మనవాళ్ళో మనమే చూపించాలి,” అన్నాడు అతను.

ఫోకస్ ఎక్కడ పడాలో చూపే గళ్ళన్నీ తీసేసి, ఒక్క చిన్న చదరం ఉంచాడు. దాన్ని బొత్తాంతో జరిపి కంటి మీదికి తేవడం నేర్పాడు. కదలని మనిషికైతే ఫోకస్ ఒకసారి పట్టుకుని ఆగే పద్ధతి చాలు. పెళ్ళికూతురు తల ఎత్తుతుంది, దించుతుంది కనుక వెంటాడే పద్ధతి పెట్టాడు. తెర దిగేదాకా మీట తాకొద్దన్నాడు. తాకితే మళ్ళీ బట్టనే పట్టుకుంటుందట.

పెళ్ళినాడు వరుడి భుజం వెనక నిలబడ్డాను. వెనకనుంచి తోస్తూనే ఉన్నారు. నేను కదల్లేదు, మీట ముట్టలేదు. తెర దిగింది. చదరం ఆమె కంటి మీద పెట్టి నొక్కాను. ఫొటోలో కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా ఉన్నాయి. చూపు వరుడి మీద లేదు. పక్కకు తిరిగి ఉంది.

తలంబ్రాలయ్యాక అందర్నీ భోజనాలకు పిలుస్తుంటే, అతను పెళ్ళి పంచెతోనే స్కూటర్ వెనక నన్ను ఎక్కించుకుని ఇంటికి వచ్చాడు. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కెమెరా తెర చూపించాడు.

“ఎవర్ని చూస్తోందండీ?”

“నన్నే.”

“ఏడ్చిందా?”

“లేదు. ఆపుకుంది.”

అతని కండువా మడతల్లోంచి పెళ్ళి అక్షింతలు దుప్పటి మీద రాలాయి. వాటిని ఆమె వేళ్ళతో ఏరుకుని, కెమెరా కిందికి దించమని సైగ చేసింది. కెమెరా తెర అద్దం మీద, కూతురి పాపిట ఉన్నచోట, ఒక్కొక్క గింజే వేసింది. ఒక్కటీ జారిపోకుండా, అతను రెండు చేతులతో కెమెరాను అలాగే పట్టుకుని కూర్చున్నాడు.