హైరమ్ టాకెట్ నోరు తెరిచిన రోజు

మా ఆయన హైరమ్ టాకెట్ పీపాలు చేస్తాడు. కెంటకీలో మా ఏటి ఒడ్డున పొగాకు పండించే ప్రతివాడికీ సరుకు నింపి పంపడానికి ఆయన చేసిన పీపాయే కావాలి. చేతిలో ఉన్న చురుకు నోట్లో లేదు. పెళ్లినాడు పాస్టరుగారు ఈమె నీకు సమ్మతమేనా అని అడిగితే తల ఊపి ఊరుకున్నాడు. నేను డొక్కలో పొడిస్తే గానీ మాట బయటకు రాలేదు.

అలాంటి మనిషి ఓటు వేయాలి! మా దగ్గర ఓటంటే కోర్టు మెట్లెక్కి, ఊరంతా వింటుండగా, మనకు కావలసినవాడి పేరు గట్టిగా చెప్పడమే. పోటీదారులిద్దరూ అక్కడే బల్ల వెనక కూర్చుంటారు. తన పేరు చెప్పినవాడికి లేచి, వంగి, కృతజ్ఞత చెప్పడం మర్యాద.

ఈసారి శాసనసభ సీటుకు ఒకవైపు కర్నల్ బ్రాడస్. మా ఇల్లూ పీపాల కొట్టమూ ఆయన నేల మీదే ఉన్నాయి. రెండోవైపు తోళ్లు పదును చేసే మికాజా ఫోక్స్. ఏటి ఒడ్డున సర్కారు పొగాకు గిడ్డంగి పెట్టిస్తానంటాడు. అదొస్తే రైతులు కర్నల్ గిడ్డంగి ముందు పడిగాపులు పడక్కర్లేదు.

మా ఆయన మనసు ఫోక్స్ వైపే ఉందని నాకు తెలుసు. పొద్దున్నే గడ్డం పట్టుకుని బతిమాలాను.

"చూడయ్యా, నీ న్యాయం తర్వాత. కర్నల్ పేరు చెప్పేసి వచ్చెయ్. ఇల్లు ఖాళీ చేయమంటే పిల్లల్ని ఎక్కడ పడుకోబెడతావు?"

సరేనన్నట్టు తల ఊపాడు.

కోర్టు ముందంతా జాతరే. కర్నల్ పందుల్ని కాల్పించి, విస్కీ పీపా తెరిపించాడు. పొద్దుటి నుంచీ పొగలో నిలబడి ఆ మాంసం కాల్చిన ఆయన బానిసలకు ఓటు లేదు. ఆడదాన్ని కాబట్టి నాకూ లేదు. చూడ్డానికి ఎవరి అనుమతి కావాలి? కంచె ఎక్కి కూర్చున్నాను. పొద్దు వాలేసరికి ఇద్దరూ సరిసమానంగా ఉన్నారని ఒకటే గోల. ఇక మిగిలింది మా ఆయనే!

"ఎవరికయ్యా హైరమ్?" షెరీఫ్ అరిచాడు.

మా ఆయన నోరు తెరిచేలోపే కర్నల్, కూర్చున్నచోటి నుంచి లేవకుండా, నోట్లో చుట్ట తీయకుండా, "సంతోషం టాకెట్. రాసుకోవయ్యా గుమాస్తా" అనేశాడు.

జనం నవ్వారు. మా ఆయన మొహం కందిపోయింది. నాకైతే ఒళ్లు మండిపోయింది. మా ఓటు కూడా తన నేలలోనే మొలిచిందనుకున్నాడా?

"ఆపవయ్యా కలం," అన్నాడు మా ఆయన. "నేనింకా ఏం చెప్పలేదు."

"ఇంకేం చెబుతావులే," అని కర్నల్ నవ్వాడు. "పో, పోయి మాంసం తిను."

"తిన్నాను దొరా, బాగుంది. నా ఓటు మాత్రం మికాజా ఫోక్స్‌కి!"

ఆ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. ఫోక్స్ లేచి, టోపీ తీసి, నడుం వంచాడు. ఒకటే కేకలు, ఈలలు! అందరికంటే గట్టిగా అరిచింది నేనే. పొద్దున బతిమాలింది కూడా నేనేనన్న సంగతి ఒక్క క్షణం గుర్తుకు రాలేదు.

కర్నల్ మెట్లు దిగి తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"ఏం టాబిథా, తెగ అరుస్తున్నావు. ఎవరింట్లో ఉంటున్నావో గుర్తుందా?"

కంచె మీంచి దూకాను. నవ్వు మాత్రం ఆగడం లేదు.

"గుర్తుంది దొరా. సామాను సర్దుకోడానికే పోతున్నా."