గౌరీశంకర్ తువ్వాలు

గౌరీశంకర్ ఎక్కడికి వెళ్ళినా ముందు ఆయన తువ్వాలు వెళ్తుంది, ఆ తరవాతే ఆయన వెళ్తాడు. బస్సు కావచ్చు, రైలు కావచ్చు, పెళ్ళిలో భోజనాల బంతి కావచ్చు, ఖాళీ జాగా కంటబడితే చాలు, భుజం మీది తువ్వాలు ఎగిరి అక్కడ వాలాల్సిందే. వాలిందంటే ఇక ఆ జాగా ఆయనది. సాక్షాత్తూ దేవుడు దిగొచ్చి అడిగినా "మనిషున్నాడండీ" అనేస్తాడు.

ఈ విద్య ఆయనకి చోడవరం బస్సు కాంప్లెక్సులో అబ్బింది. అనకాపల్లి కాలేజీకి మూడేళ్ళు బస్సులో తిరిగాడు. బస్సు లోపలికి మలుపు తిరుగుతుండగానే జనం దాని వెంట పరుగు. తలుపు దగ్గర తోసుకునేవాళ్ళు అమాయకులు. తెలిసినవాళ్ళు కిటికీలోంచి తువ్వాలో పుస్తకమో సీటు మీద పడేసి, ఆనక తాపీగా ఎక్కుతారు. సీటు మీద గుడ్డ ఉంటే దాన్ని తీసి పక్కన పెట్టి కూర్చునే మొనగాడు ఆ చుట్టుపక్కల మండలాల్లో ఇంకా పుట్టలేదు. గౌరీశంకర్ ఈ పనిని ఒక శాస్త్రం చేశాడు. ఒక కొసకి ముడి వేస్తే తువ్వాలు గాలికి పక్కకి పోదని కనిపెట్టింది ఆయనే. "ముడి లేని తువ్వాలూ ముకుతాడు లేని ఎద్దూ ఒకటేరా" అనేవాడు.

ఆస్టిన్‌కి ఆయన పరిచయమైంది కూడా తువ్వాలుతోనే. ఆస్టిన్‌ది చీడికాడ. కొరియాలో పీహెచ్‌డీకి సీటొచ్చి, ఏవో కాగితాల పని మీద విశాఖపట్నం వెళ్దామని చోడవరంలో బస్సెక్కాడు. కిటికీ పక్కన ఖాళీ చూసి సగం కూర్చున్నాడు. మిగతా సగం ఇంకా గాల్లో ఉండగానే చెవి పక్కనుంచి రయ్యిమని ఎర్ర తువ్వాలొకటి వచ్చి అతని కిందికి దూరింది.

"బాబూ, లెగు. అది నాది," అన్నాడు కిటికీ బయటినుంచి గౌరీశంకర్.

"నేను కూర్చున్నానండీ."

"కూసోలేదు. కూసోబోయేవు. ఈలోగా తువ్వాలొచ్చీసింది."

"తువ్వాలు ముందా, మనిషి ముందా?"

"అదేటి ప్రశ్న? కండక్టరుగారూ, మీరే సెప్పండి!"

కండక్టరు వంగి చూశాడు. "తువ్వాలు కిందుంది. మనిషి మీదున్నాడు. కిందున్నదే ముందొచ్చినట్టు," అని తీర్పు చెప్పి టిక్కెట్లు కొట్టుకుంటూ ముందుకి పోయాడు.

ఆస్టిన్ లేచాడు. గౌరీశంకర్ ఎక్కి, తన హక్కుని ఒకసారి అనుభవించి, అప్పుడు జరిగి చోటిచ్చాడు. "రా, కూసో. ఎక్కడికేటి ప్రయాణం?"

"ఇవాళ వైజాగండి. వచ్చే వారం కొరియా. ఇంచన్ అని ఊరు."

"ఓరి నీ! నేనుండేదీ అక్కడే కదరా! లీవు మీద వచ్చేను. ఇంక నీకు బెంగేటి, నేనున్నాను."

అలా చీడికాడ గుంటడికి పరాయి దేశంలో పెద్ద దిక్కు దొరికింది.

ఇంచన్‌లో గౌరీశంకర్ కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో తనిఖీ ఉద్యోగి. జీతం బాగుంది, గది బాగుంది, తిండి అలవాటైంది. ఒక్కటే లోటు. ఆ దేశంలో ప్రతి సీటుకీ నంబరుంటుంది. జనం వరసలో నిలబడతారు. ఎవరూ ఎవర్నీ తొయ్యరు. "బతుకులో ఉప్పూ కారం లేవురా" అని వాపోయేవాడు. ఆ బాధలో ఆయన చేసిన పనులు ఒకటీ రెండూ కాదు. బ్యాంకులో టోకెను తీసుకుని కూడా కుర్చీ మీద తువ్వాలు వేసి నిలబడ్డాడు. సెలూన్లో వేస్తే, అది వాళ్ళదే అనుకుని వేరేవాడి మెడకి చుట్టేశారు. ఒకసారి సముద్రపొడ్డున మంచి బండ చూసి తువ్వాలు పరిచి కాఫీ తేవడానికి వెళ్ళాడు. వచ్చేసరికి పోటొచ్చి బండా లేదు, తువ్వాలూ లేదు. "మనిషున్నాడని సముద్రానికి ఎవరు సెబుతారన్నయ్యా?" అని ఆస్టిన్ నవ్వాడు.

ఇలా ఉండగా ఆయన మొదటిసారి దీవులకి వెళ్ళే ఓడ ఎక్కాడు. ఇంచన్ రేవు నుంచి చిన్న చిన్న దీవులకి గంటా గంటన్నర ప్రయాణం. ఆ ఓడల్లో కుర్చీలుండవు. పెద్ద గది, వెచ్చటి నేల. చెప్పులు బయట విడిచి, ఎవరికి దొరికిన చోట వాళ్ళు కూర్చోవచ్చు, పడుకోవచ్చు. గోడవార చోటుకి మహా గిరాకీ. అది చూసి గౌరీశంకర్ కళ్ళు చెమర్చాయి.

"ఒరే ఆస్టినూ! నంబర్లు లేవురా! ఇది మన దేశమేరా!"

ఆ రోజు నుంచి ప్రతి శనివారం దీవి ప్రయాణమే. ఆస్టిన్‌కి ఆదివారం చర్చి తప్పదు కాబట్టి శనివారం సాయంత్రానికి తిరిగొచ్చేస్తారు. ఏప్రిల్లో వాళ్ళకి శాలోమి తోడైంది. ఆమెది మాడుగుల, ఆస్టిన్ యూనివర్సిటీలోనే ఆహార పదార్థాల మీద ఎమ్మెస్సీ చేస్తోంది, వెళ్ళేది అదే చర్చికి. దాంతో తువ్వాళ్ళు మూడయ్యాయి. తలుపు తెరవగానే గౌరీశంకర్ గుమ్మంలోంచే టపటపమని మూడూ గోడవారకి విసిరేవాడు. మూడూ వరసగా, జానెడు ఎడంతో పడేవి.

ఆయనకి అక్కడ సమ ఉజ్జీ కూడా దొరికింది. ఎర్ర టోపీ పెట్టుకుని ప్రతి శనివారం దీవిలోని చెల్లెలింటికి వెళ్ళే డెబ్బై ఏళ్ళ మామ్మ. ఆవిడ దగ్గర తువ్వాలు లేదు, ఉల్లికాడల మూట ఉంది. అది వచ్చి గోడ మూలకి సరిగ్గా పడేది. మొదటివారం ఇద్దరూ అరగంట పోట్లాడుకున్నారు. ఈయన తెలుగులో, ఆవిడ కొరియన్లో. ఒక్క ముక్క కూడా ఎవరికీ అర్థం కాకుండా పోలేదు. మూడోవారం శాలోమి మాడుగుల హల్వా డబ్బా విప్పి మామ్మ చేతిలో ఒక ముక్క పెట్టింది. మామ్మ నమిలి, ఆలోచించి, మూటని రెండు జానలు జరిపింది. సంధి కుదిరింది.

అందరూ సుఖంగానే ఉన్నారు, ఒక్క ఆస్టిన్ తప్ప. వాడికి శాలోమి మీద మనసైంది. ఆ మాట ఆమెకి చెప్పాలి. రెండొందల పేజీల థీసిస్ రాయగలడు గానీ ఈ ఒక్క వాక్యానికి నోరు పెగలదు. ఇప్పటికీ ఆమెని "మీరు", "అండి" అనే దగ్గరే ఉన్నాడు. దీవిలో దిగాక కుదరదు. శాలోమి దీవి మామ్మలతో కలిసి బురదలో ఆల్చిప్పలు తవ్వడానికి పోతుంది. ఓడలోనే చెప్పాలి. ఓడలో చూస్తే, ఆమె వచ్చిన మొదటి శనివారం తప్పిస్తే తువ్వాళ్ళ వరస ఎప్పుడూ ఒకటే. గోడ పక్కన శాలోమి, మధ్యలో గౌరీశంకర్, ఈ చివర ఆస్టిన్.

దానికి తోడు ఓడ కదిలితే ఆస్టిన్ కడుపు కూడా కదులుతుంది. అందుకని వాంతుల మాత్ర వేసుకుంటాడు. మాత్ర వేసుకున్న పది నిమిషాలకి నిద్రపోతాడు. కళ్ళు తెరిచేసరికి దీవి వచ్చేసి ఉంటుంది, మొహం మీద తువ్వాలు ఉంటుంది.

"ఏంటన్నయ్యా ఇది, శవానికి కప్పినట్టు?"

"ఎండ పడతందిరా నీ మొహం మీద."

"గదిలో ఎండేంటి?"

"కిటికీ నేదేటి?"

"కిటికీ అటువైపుంది!"

"సూర్యుడు తిరగడేటిరా మరి? పీహెచ్‌డీ సేస్తన్నావు, ఆ మాత్రం తెలీదా?"

ఇలాగే వేసవంతా గడిచిపోయింది. ఆగస్టు వచ్చింది. శాలోమి చదువు పూర్తయింది. వచ్చే గురువారం ఇంటికి విమానం. ఇంటి దగ్గర కాకినాడ సంబంధమొకటి సిద్ధంగా ఉందనీ, ఔనో కాదో చెప్పమని నాన్నగారు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారనీ ఆమె నోటితోనే విన్నాడు ఆస్టిన్. ఇక మిగిలింది ఒక్క శనివారం. అప్పుడు చెప్పలేదో, ఇక ఆ పెళ్ళి శుభలేఖ అందుకోవడమే.

శుక్రవారం సాయంత్రం గౌరీశంకర్‌కి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, రేపు మధ్యలో నన్ను కూర్చోనీ."

"కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"కుదరదంటే కుదర్దురా. మాత్ర ఏసుకుని పడుకునేవోడివి, మధ్యలో ఉంటే ఏటి, సివర ఉంటే ఏటి?"

"రేపు మాత్ర వేసుకోను."

"సూడు బాబూ," అన్నాడు గౌరీశంకర్, "మాత్ర ఏసుకోకపోతే నీ పని గోవిందా. నా మాట విను."

ఆస్టిన్‌కి ఒళ్ళు మండింది. ఈయనకి తన తువ్వాలు ముఖ్యం గానీ తోటివాడి జీవితం ముఖ్యం కాదా అనుకున్నాడు. మర్నాడు మూడు తువ్వాళ్ళూ పడీ పడగానే పరిగెత్తుకెళ్ళి, మధ్య తువ్వాలు తీసి చివరికి విసిరేసి, ఆ జాగాలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మండలాల చరిత్రలో పుట్టని మొనగాడు పుట్టాడన్నమాట. గౌరీశంకర్ వెళ్ళి ఆ చివర కూర్చున్నాడు. ఎర్ర టోపీ మామ్మ కూడా నమ్మలేనట్టు చూసింది.

ఆ రోజు గాలి జోరుగా ఉంది. రేవు దాటగానే ఓడ ఊగడం మొదలెట్టింది.

"శాలోమి గారూ," అన్నాడు ఆస్టిన్. "మీరు గురువారం..."

ఓడ ఎడమకి ఒరిగింది.

"మీరు గురువారం వెళ్ళేలోగా నేనొక మాట..."

కుడికి ఒరిగింది. ఆస్టిన్ నోరు మూసుకున్నాడు. మొహం లేత ఆనపకాయ రంగుకి తిరిగింది. లేద్దామనుకున్నాడు, కాళ్ళు లేవలేదు. ఇక ఆమె ఒళ్ళోనే అవుతుందనగా గౌరీశంకర్ ఒక్క దూకు దూకి, ఎర్ర తువ్వాలు వాడి మొహానికి అడ్డం పెట్టాడు.

అయిపోయింది. ఇక పోయే పరువేమీ మిగల్లేదు. అదే ధైర్యమిచ్చింది కాబోలు, తువ్వాలులోంచి మొహం తియ్యకుండానే ఆస్టిన్ ఆ మాట అనేశాడు. బయటికి మాత్రం గొణుగుడే వినిపించింది.

"ఏటంటన్నారన్నయ్యా?" అంది శాలోమి.

గౌరీశంకర్ చెవి ఒగ్గి విన్నాడు. "ఆ కాకినాడోళ్ళకి ఔననొద్దంటన్నాడమ్మా. తనని పెళ్ళి సేసుకోమంటన్నాడు."

"ముందెళ్ళి మొహం కడుక్కు రమ్మనండి," అంది శాలోమి.

ఆస్టిన్ మొహం కడుక్కుని, చొక్కా దులుపుకుని, తలొంచుకుని వచ్చాడు. మామ్మ పిలవని పేరంటంలా వచ్చి వాడి వీపు మీద నాలుగు దెబ్బలు వేసి, నోట్లో అల్లం బిళ్ళ పెట్టి వెళ్ళింది.

"క్షమించండి శాలోమి గారూ. ఇంత అసహ్యంగా ఏ ఆడపిల్లనీ ఎవడూ అడిగి ఉండడు."

"ఇంతకన్నా అసహ్యంగా చూశానండీ మిమ్మల్ని," అంది శాలోమి. ఇక ఆపుకోలేక నవ్వేసింది.

"ఎప్పుడు?"

"మొదటి ట్రిప్పులోనే. మాత్ర వేసుకుని పడుకున్నారా, నోరు ఇంత తెరిచారు. గురకకి ఆ చివరివాళ్ళు కూడా లేచి చూశారు. తల తెచ్చి నా భుజం మీద వాల్చారు, సొల్లు కార్చారు. నేను బెదిరిపోయి జరిగాను. అప్పుడు అన్నయ్య లేచొచ్చి మధ్యలో కూర్చుని, మీ మొహం మీద తువ్వాలు కప్పేశారు. ఏమన్నారో తెలుసా? 'అమ్మా, ఈ గుంటడు మంచోడు. మెలకువగా ఉన్నప్పుడు సూడు. నిద్రలో సూస్తే ఏ ఆడగుంటా ఎవుణ్ణీ సేసుకోదు' అన్నారు."

ఆస్టిన్ గిరుక్కున తిరిగాడు. గౌరీశంకర్ కిటికీలోంచి సముద్రాన్ని తనిఖీ చేస్తున్నాడు.

"నాకెందుకు చెప్పలేదన్నయ్యా?"

"ఏటి సెప్పమంటావురా? నువ్వు నోరు తెరుసుకుని పడుకుంటావని సెబితే, సిగ్గుపడి ఇంక ఓడే ఎక్కవు. ఓడెక్కకపోతే ఈ అమ్మాయిని ఎప్పుడు సూస్తావు? ఈ వేసవంతా నీ సొల్లు నా చొక్కా మీదే. డ్రై క్లీనింగోడు నాకు దండం పెడతన్నాడు."

ఆస్టిన్‌కి సిగ్గేసింది. రాత్రంతా ఈ మనిషినా తిట్టుకున్నది అనిపించింది. ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు.

"సాల్లే, సాల్లే. నన్నేటి సూస్తావు, జవాబు ఆ అమ్మాయిని అడుగు," అన్నాడు గౌరీశంకర్.

ఆస్టిన్ శాలోమి వైపు తిరిగాడు. ఆమె చున్నీ అంచు మడతలు పెడుతోంది. "మీరెప్పుడు అడుగుతారోనని రెండు నెలల్నుంచి నాన్నగారికి ఏ మాటా చెప్పకుండా నెట్టుకొస్తన్నాను," అంది. "దీవి రాగానే ఫోన్ చేసి మాట్లాడండి. నేల మీద నిలబడి చెయ్యండి. ఓడలోంచి మాత్రం వద్దు."

దీవి రాగానే ఆస్టిన్ గట్టి నేల చూసుకుని నిలబడి మాడుగులకి ఫోన్ చేశాడు. శాలోమి నాన్నగారు పావుగంట ప్రశ్నలేసి, గురువారం అమ్మాయి వచ్చాక చీడికాడ వెళ్ళి మీ పెద్దలతో మాట్లాడతామన్నారు. కాకినాడ వాళ్ళకి ఈ రోజే కబురు చేస్తామని కూడా అన్నారు. గౌరీశంకర్ ఆ సంతోషంలో మామ్మ ఉల్లికాడల మూట చెల్లెలింటిదాకా మోసిపెట్టాడు.

తిరుగు ప్రయాణంలో ఆస్టిన్ బుద్ధిగా మాత్ర వేసుకున్నాడు. ఈసారి అడక్కుండానే మధ్య చోటు వాడికి వచ్చింది. కళ్ళు మూతలు పడుతున్నాయి, దవడ తన మాట వినడం మానేస్తోంది, అది వాడికే తెలుస్తోంది. తల మెల్లిగా శాలోమి భుజం మీదికి వాలింది. మొహం మీదికి ఏదో నీడ వచ్చింది. గౌరీశంకర్ అలవాటు కొద్దీ శుభ్రమైన తువ్వాలొకటి విప్పాడు.

"వద్దన్నయ్యా," అంది శాలోమి. "ఉండనీండి. నాకు అలవాటవ్వాలి కదా."

గౌరీశంకర్ తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "అలాగైతే నాకు డ్యూటీ దిగిపోయినట్టే," అని, వెళ్ళి, మామ్మకి చెల్లెలు కట్టిచ్చిన మూట పక్కన నడుం వాల్చి, ఆ తువ్వాలు తన మొహం మీదే కప్పుకున్నాడు. ఇన్ని వారాలూ ఆయన ఓడలో ఒక్క కునుకైనా తియ్యలేదని ఆస్టిన్‌కి అప్పుడే తట్టింది. లేచి ఒక మాట చెబుదామనుకున్నాడు గానీ మాత్ర లేవనివ్వలేదు.

రెండు నిమిషాల్లో తువ్వాలు కిందినుంచి గురక మొదలైందట. దాని ముందు మీ గురక జోలపాటండీ అని, ఇంచన్‌లో దిగాక శాలోమి చెప్పింది.