శుక్రవారం పాఠం ఎవరు చెబుతారు?

టీచరమ్మ చనిపోయిన నాలుగో రోజున సంఘం నుంచి ఫోన్ వచ్చింది. రబ్బరు స్టాంపు, లెటర్‌హెడ్లు, సభ్యుల రిజిస్టరు ఎక్కడున్నాయని అడిగారు. ఎలా పోయారని అడగలేదు. శుక్రవారం పాఠాల సంగతి నేనే ఎత్తితే, అది ఆవిడ సొంత ఏర్పాటు, సంఘానికి సంబంధం లేదన్నారు. అడగకపోవడాన్ని మరిచిపోగలను. సంబంధం లేదన్న మాటను వదిలిపెట్టలేక ఇది రాస్తున్నాను.

ఆవిడ షాదీపూర్‌లో తన ఇంట్లో, పొద్దున టీ తాగి, కుర్చీలోనే పోయారు. నేను చాతం రేవులో, అవతలి ఒడ్డుకు వెళ్లే బాంబూఫ్లాట్ ఫెర్రీ కోసం ఇంజను పంపు ఒకటి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆవిడ చెల్లెలు ఫోన్ చేసి చెప్పారు. ఫెర్రీ వచ్చింది, ఎక్కలేదు. తర్వాతిదీ ఎక్కలేదు. పంపు కోసం అవతల ఒడ్డున బోటు ఆగిపోయి ఉందని తెలిసి కూడా.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. యూనివర్సిటీల్లో చైనీస్ చెప్పే టీచర్లకు ఒక సంఘం ఉంది. దానికి ఆవిడ చాలా ఏళ్లు కార్యదర్శి. పుట్టింది ఇక్కడే, ఈ దీవుల్లోనే. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి చేపలవేటకు వచ్చి స్థిరపడినవాడు. ఆవిడ మెయిన్‌లాండ్‌లో చదువుకుని, అక్కడే ఉద్యోగం చేసి, రిటైరయ్యాక తిరిగొచ్చారు. సంఘాన్నీ వెంట తెచ్చుకున్నారు. అధ్యక్షులు మారుతూ వచ్చారు. పని మాత్రం షాదీపూర్‌లో ఆ ముందు గదిలోనే జరిగింది.

నేను జంగ్లీఘాట్‌లో బోటు ఇంజన్లు బాగుచేసే షెడ్డులో పనిచేస్తాను. ఒకసారి చైనా ఇంజను ఒకటి వచ్చింది. దాంతో వచ్చిన పుస్తకంలో చైనీస్ తప్ప ఇంకేమీ లేదు. అందాజాగా బోల్టులు బిగించాం, నూనె కారకుండా మధ్యలో పెట్టే గ్యాస్కెట్ పేలింది. మా మేస్త్రీ ఆ పుస్తకం నా చేతిలో పెట్టి, "షాదీపూర్ టీచరమ్మకి ఇది వచ్చంట. ఎల్లి అడగరా, ఏటి రాసుందో" అన్నాడు.

చదివిపెట్టమన్నాను. ఆవిడ పుస్తకం తిరగేసి పక్కన పెట్టారు.

"నేను చదివిపెడితే ఇవాళ్టికి సరిపోద్ది. రేపు ఇంకో పేజీ పట్టుకొస్తావు. బైఠో బేటా, నేర్చుకో."

కూర్చున్నాను. పది నిమిషాలకే ఆవిడ ఒక మాట దగ్గర ఆగి, ఇది నాకు తెలీదన్నారు. అంత చదువుకున్న మనిషి, నూనె చేతులతో వచ్చినవాడి ముందు, ఏమీ మొహమాటపడకుండా. ఫోన్ తీసి మెయిన్‌లాండ్‌లో ఒకరిని అడిగారు. వాళ్లకూ తెలీలేదు, ఇంకొకరి నంబరు ఇచ్చారు. మూడో మనిషి దగ్గర దొరికింది. అది గ్యాస్కెట్. పేజీ అంచున పెన్సిల్‌తో రాసి పుస్తకం నా వైపు తిప్పారు. సంఘాన్ని నేను మొదట చూసింది అలా.

తర్వాత ఆదివారాలు వెళ్లడం అలవాటైంది. ఆవిడ నాకు పాఠం చెప్పేవారు, నేను ఆవిడకు కవర్లు అతికించి, లిస్టులు టైపు చేసేవాణ్ణి. నెట్ లేని రోజుల్లో ఒక మెయిల్ వెళ్లడానికి ఆవిడ కిటికీ దగ్గర నిలబడి ఎంతసేపు చూసేవారో చెప్తే మెయిన్‌లాండ్ వాళ్లు నమ్మరు. పెద్ద చదువుల సంఘం కదా, ఏం మాట్లాడుకుంటారో అనుకునేవాణ్ణి. తీరా చూస్తే, ఆహ్వానంలో ఎవరి పేరు పైన ఉండాలని కొట్టుకునేవారు. చైనా వెళ్లి చదివినవాళ్లు ఇక్కడే చదివినవాళ్లను చిన్నచూపు చూసేవారు. సదస్సులో తన పేపరు భోజనం తర్వాత పెట్టారని ఒక ప్రొఫెసరు అలిగితే, టీచరమ్మ అరగంట బుజ్జగించి ఫోన్ పెట్టేసి, "బోటువాళ్లే నయం. తిట్టేసి పోతారు" అన్నారు.

ఆవిడ అసలు పని వేరు. ఒక మామూలు నోటుబుక్కు ఉండేది. అందులో, డిపార్ట్‌మెంట్ మొత్తానికి చైనీస్ టీచరు ఒక్కరే ఉన్న యూనివర్సిటీల పేర్లు రాసుకునేవారు. ఆ ఒక్క మనిషి జ్వరంతో పడుకుంటే క్లాసు లేదు. కాన్పుకు వెళ్తే ఆ టర్ము లేదు. పిల్లల్ని వేరే భాషలోకి మార్చేస్తారు, ఆనక కోర్సే ఎత్తేస్తారు. అందుకని ఆ టీచరు సెలవు పెట్టే ముందే టీచరమ్మకు చెప్పేవారు. ఆవిడ సభ్యుల్లో ఒకరిని ఒప్పించి, అతిథి ఉపన్యాసాలని ఆ డిపార్ట్‌మెంట్‌కు సంఘం తరఫున ఉత్తరం రాసి, స్టాంపు వేసి పంపేవారు. ఆ సభ్యుడు ఫోన్‌లో పాఠం చెప్పేవాడు. సెలవు అయ్యేదాకా క్లాసు నిలబడేది. ఎవరూ దొరక్కపోతే ఆవిడే చెప్పేవారు. సంఘం అంటే మీటింగు కాదు బేటా, ఒకరు రాని రోజు ఇంకొకరు క్లాసుకు వెళ్లడం, అనేవారు.

ఇదంతా సంఘం మీటింగులు రాసిపెట్టే మినిట్స్‌లో ఎక్కడా లేదు. ఎందుకు రాయరని అడిగాను.

"రాస్తే యూనివర్సిటీల్లో పైవాళ్లు చూస్తారు. ఫ్రీగా మనిషి దొరుకుతుంటే రెండో పోస్టు ఎవడిస్తాడు? ఎవరికీ మత్ బోల్నా."

సరేనన్నాను. అప్పుడు అది తెలివిగా కనిపించింది. ఇప్పుడు కోపం వస్తోంది, ఆవిడ మీద కూడా. మీరు పోతే ఏంటి టీచరమ్మా అని ఒక్కసారి అడగాల్సింది. అడగలేదు. ఆవిడకు పోయే ఆలోచన ఉన్నట్టు ఎప్పుడూ కనిపించలేదు. మొన్న మొన్నటిదాకా, గీతలు ఏ వరసలో రాయాలో తప్పినందుకు నా చేత ఒకే అక్షరం పేజీ నిండా రాయించారు.

నోటుబుక్కులో చివరి పేరు ఒక కొండప్రాంతపు యూనివర్సిటీలో కాంట్రాక్టు మీద పనిచేసే ఒక టీచరుది, నేను దీదీ అని పిలుస్తాను. నెలలు నిండాయి, వచ్చే సోమవారం నుంచి సెలవు. క్లాసు మంగళ, శుక్రవారాలు. మంగళవారానికి ఒక రిటైరైన సభ్యుడు ఒప్పుకున్నారు, ఉత్తరం వెళ్లింది. శుక్రవారం నేనే చెబుతానని టీచరమ్మ తన పేరు రాసుకున్నారు. ఆ పేరు అలాగే ఉంది.

ఆ దీదీ నాకు ఫోన్ చేశారు. ముందు టీచరమ్మ గురించి అడిగారు, చివరిరోజుల్లో తిన్నారా, నొప్పేమైనా పడ్డారా అని. తర్వాత అసలు సంగతి చెప్పారు. వారానికి రెండు క్లాసులూ జరక్కపోతే ఈ ఏడు కోర్సు ఆపేస్తామని వాళ్ల హెడ్ చెప్పాడట. కోర్సు ఆగితే ఆవిడ కాంట్రాక్టూ ఆగుతుంది. "భయ్యా, శుక్రవారం ఎవరు?" అన్నారు.

నాకు వచ్చింది ఇంజను చైనీస్. బోల్టు ఎంత బిగించాలో చెప్పగలను, కవిత్వం చెప్పలేను. నోటుబుక్కులో ఉన్న నంబర్లకు ఒక్కొక్కరికీ చేశాను. ఇద్దరు ఒప్పుకున్నారు. కానీ సంఘం ఉత్తరం లేకుండా బయటివాళ్లను హెడ్ క్లాసులోకి రానివ్వడు. స్టాంపు, లెటర్‌హెడ్లు అప్పటికే పార్సిల్ చేసేశాను, అడిగిన రోజే, బుద్ధిగా. అధ్యక్షుడికి ఫోన్ చేశాను. మినిట్స్‌లో లేని పనికి ఉత్తరం ఇవ్వడం కుదరదు, సంతాప సభ అయ్యాక కమిటీ ఆలోచిస్తుంది అన్నారు. సభ వచ్చే నెల. బిడ్డ అప్పటిదాకా ఆగదని చెప్పాను. పెట్టేశారు.

ఎవరికీ చెప్పొద్దన్న ఆవిడ మాటను, ఇలా పత్రికలో అచ్చుకిచ్చి తప్పాను. చాలా అలసటగా ఉంది. మేస్త్రీ, "పోయినోళ్ల మాట నిలబెట్టాలి కదరా" అన్నాడు. ఆవిడ మాట కంటే ఆవిడ క్లాసు నిలబెట్టడం ముఖ్యం అనుకున్నాను. తప్పయితే నాదే.

సంతాప సభలో ఆవిడ ఫోటోకు దండ వేస్తారు, సేవలు మరువలేనివంటారు. వేసుకోండి. నేను రాను. ఇదే ఉత్తరం హిందీలో రాసి కమిటీలో అందరికీ పంపాను, సభ్యుల్లో తెలుగు చదివేవాళ్లు దీన్నే వాళ్లకు వినిపించండి. అడుగుతున్నది రెండే. ఒప్పుకున్న ఇద్దరిలో ఒకరి పేరుతో ఆ డిపార్ట్‌మెంట్‌కు ఉత్తరం. ఒంటరి టీచర్ల నోటుబుక్కు ఇకమీదట ఎవరు చూస్తారో ఒక పేరు. నోటుబుక్కు నా దగ్గరే ఉంది, ఆ పేరు చెప్పిన రోజు పంపుతాను.

ఈ నెల ఇరవై శుక్రవారం. పొద్దున పదింటికి పదకొండు మంది పిల్లలు పుస్తకాలు తెరిచి, బల్ల మీద నిలబెట్టిన ఫోన్ వైపు చూస్తూ కూర్చుంటారు. పద్దెనిమిది, బుధవారం సాయంత్రం ఐదింటిలోగా నాకు రాతపూర్వకంగా జవాబు కావాలి.